రూపాయి బిళ్లంత మచ్చ

జానీమియాకు ఈ లోకంలో రెండు జాతుల మనుషులంటే పరమ అసహ్యం. అబద్ధమాడేవాళ్లు ఒక జాతి, కూర్చున్న కుర్చీని తమ తాత సంపాదించి ఇచ్చాడనుకునేవాళ్లు రెండో జాతి. పదిహేడేళ్లు ఫౌజులో చేసి హవల్దారుగా దిగి వచ్చిన మనిషి కావడంతో ఆ అసహ్యాన్ని దాచుకునే అలవాటు కూడా ఆయనకు లేదు. అలాంటివాడు కోరుట్ల నుంచి జగిత్యాల వచ్చి, మాజీ సైనికుల కాగితాలు చూసే ఆఫీసులో, హరిప్రసాద్ అనే గుమాస్తా ముందు చొక్కాచేయి పైకి మడిచి, ఎడమ మణికట్టు చూపిస్తూ నిలబడాల్సి వచ్చింది.

"మచ్చేది చాచా?" అన్నాడు హరిప్రసాద్, పల్లీలు నములుతూ.

"లేదు సారూ. ఎన్నడు లేదు. గదే రాసుకొచ్చిన."

"రికార్డుల ఉన్నది గదా. ఎడమ మణికట్టు మీద, రూపాయి బిళ్లంత, నల్లటి పుట్టుమచ్చ. రికార్డుల ఉన్నది మనిషికి లేదంటే మనిషే తేడా అన్నట్టు."

ఆ మచ్చ కథ చిన్నదే. జానీమియా పుట్టింది సిరిసిల్లలో, నూలుకు రంగులద్దే ఇంట్లో. అరవై ఎనిమిదిలో ఫౌజు భర్తీకి పోయేనాటికి పద్దెనిమిదేళ్లు. ముందురోజు పొద్దుగూకేదాకా నల్లరంగు బానలో నూలు ముంచి తీసి, చేతులు బూడిదతో తోముకుని, మర్నాడు లైనులో నిలబడ్డాడు. గుర్తుపట్టడానికి ఒంటి మీద రెండు ఆనవాళ్లు రాయాలి. మోకాలి మీది గాటు ఒకటి దొరికింది. రెండోది ఎంత వెతికినా దొరక్క విసిగిపోయిన డాక్టరు, మణికట్టు మీద వదలని రంగు మరక చూసి పుట్టుమచ్చ అని రాసిపారేశాడు. ఆ ఇంగ్లీషు రాత ఏమిటో కుర్రవాడికి తెలియదు, తెలిసినా ఎదురు చెప్పే ధైర్యం లేదు. నెల తిరగకుండా మరక పోయింది. రాత మాత్రం నలభై మూడేళ్లు అట్లాగే ఉంది. చదువుకున్నవాడి పొరపాటుకు ఆయుష్షు ఎక్కువ.

ఇన్నేళ్లూ ఎవడూ అడగలేదు. రెండు వేల పదకొండులో ఆయన భార్య హమీదాబీకి గుండె కవాటం చెడింది. సికింద్రాబాద్‌లోని ఫౌజీ దవాఖానలో నవంబర్ పదో తారీఖున ఆపరేషన్ అన్నారు. ఆ తారీఖు తప్పితే మళ్లీ ఆరు నెలలకు గానీ రాదు, ఆరు నెలలు ఆమె ఆగదు. పడుకుంటే ఊపిరాడక ఇప్పటికే గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. ఆపరేషన్‌కు కొత్త వైద్య కార్డు కావాలి, కార్డు మీద హరిప్రసాద్ ముద్ర కావాలి, ముద్రకు మచ్చ కావాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటే ఇదే.

"సారూ, మోకాలి గాటు ఉన్నది, ఫోటో ఉన్నది. డెబ్బయొకటి లడాయిల ఉన్నోన్ని నేను."

"లడాయి చేసింది మచ్చ ఉన్న జానీమియా. నువ్వెవ్వలో నాకేమెరుక?" అన్నాడు హరిప్రసాద్. తన మాట తనకే నచ్చి ఒక నవ్వు కూడా నవ్వాడు. "అప్పట్ల నిన్నెరిగిన ఇద్దరితోని రాయించుకరా. తాసీల్ ఆఫీసుల ముద్ర కొట్టించు. నేను పైకి పంపుత, వాళ్లు రికార్డు దిద్దుతరు. ఏడాది పడ్తది."

"ఏడాదా? నా భార్య..."

"గంత తొందరుంటే ఒక పని చెయ్యి. వేములవాడ గుడి ముందట పచ్చబొట్లు పొడిసెటోళ్లు కూసుంటరు. ఒక చుక్క పొడిపించుకో. రికార్డును మార్చుడు కంటే మనిషిని మార్చుడు అల్కగయితది."

"పచ్చబొట్టు మాకు హరామ్ సారూ."

"అయితే నీ ఇష్టం," అని హరిప్రసాద్ పల్లీల పొట్టు ఊదాడు. అది ఎగిరి వచ్చి ఫైలు మీద పడింది. జానీమియా ఆ పొట్టును చూసి, ఆ మనిషి కంటే దానికే విలువ ఎక్కువ అనుకుని బయటికి నడిచాడు.

వారం తిరక్కుండానే సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులకు తాళాలు పడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. సమ్మె మీద జానీమియాకు కోపం లేదు. తెలంగాణ రావాలని ఆయనకూ ఉంది. కోరుట్లలో రోడ్డు మీద వంటావార్పు జరిగిన రోజున ఫౌజు టోపీ పెట్టుకుని మరీ పోయి ఉల్లిగడ్డలు కోసి వచ్చాడు. ఆయన కడుపు మండింది వేరే చోట. తాసీల్ ఆఫీసు తెరిచి ఉందేమో చూద్దామని ఎవరి బండో ఎక్కి జగిత్యాల పోతే, అక్కడి టెంటు కింద మైకు పట్టుకుని హరిప్రసాద్ కనిపించాడు.

"మన ఆనవాలు చెరిపేసిండ్రు! మన ఆనవాలు మనకు గావాలె!" అని గొంతు చించుకుంటున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు.

వీడి ఆనవాలు వీడికి కావాలట, నాది మాత్రం గుడి ముందు పొడిపించుకుని తెచ్చుకోవాలట. జానీమియాకు ఒళ్లంతా కారం రాసినట్టయింది. ఇంత మంచి మాట ఇంత చెత్త నోట్లోంచి వస్తున్నందుకు ఆ మాట మీదే జాలి వేసింది.

సమ్మె నలభై రెండు రోజులు నడిచి ఆగింది. ఆపరేషన్‌కు పక్షం మిగిలింది. ఆ మర్నాడే జానీమియా సిరిసిల్ల బయల్దేరాడు. "సాక్షుల కోసం పోతున్న," అని హమీదాబీకి చెప్పాడు. అప్పటికి అది నిజమే.

సిరిసిల్లలో దేవదాస్ ఉన్నాడు. చిన్నప్పుడు జానీమియాతో కలిసి రంగుబాన దగ్గర పనిచేసిన నేతింటి మనిషి. ఇప్పుడు నాలుగు మరమగ్గాలు, పక్కన చిన్న అద్దకం షెడ్డు. ఆ రోజు జానీ చేతికి అంటింది రంగేనని తను రాసి సంతకం పెట్టాడు, పక్కింటి పెంటయ్యతో కూడా పెట్టించాడు. జానీమియా, దేవదాస్ కలిసి తాసీల్ ఆఫీసుకు పోయారు. నలభై రెండు రోజుల ఫైళ్లు కుప్పపడి ఉన్నాయనీ, నెల దాటాక రమ్మనీ చెప్పి పంపారు.

తిరిగి వచ్చి షెడ్డులో కూర్చున్నాక దేవదాస్ చాలాసేపు బానవైపు చూశాడు.

"జానీ, ఒక మాట జెప్త, తిట్టకు. గప్పుడు అంటిన రంగు గిప్పుడు అంటదా?"

"థూ, అబద్ధమాడుమంటున్నవా?"

"అబద్ధం నీదెట్లయితది? నలభై ఏండ్ల కింద రాసినోనిది. పచ్చబొట్టు గాదు, సూది గాదు. గోరింటాకు వెట్టుకున్నట్టు. ముందుగాల వదినె పానం దక్కనీ. కార్డు చేతికచ్చినంక ఈ కాయితం వాని మొఖాన కొట్టు, నిజం జెప్పు."

ఆ చివరి మాట జానీమియాకు పట్టుకొమ్మ దొరికినట్టయింది. కార్డు తీసుకుని, వెంటనే నిజం చెప్పేస్తే అది అబద్ధం కిందికి రాదు కదా! తమను తాము మోసం చేసుకోవడంలో నిజాయితీపరులను మించినవాళ్లు లేరు. మూడు రోజులు అక్కడే ఉండి, పూటకోసారి మణికట్టు మీద బట్టపేలికతో చిక్కటి నల్లరంగు అద్దించుకున్నాడు. నాలుగో రోజు సిరిసిల్ల నుంచి నేరుగా జగిత్యాల బస్సెక్కాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కండక్టరు టికెట్ అడిగినా చొక్కాచేయి కిందికి లాక్కున్నాడు.

ఆఫీసులో హరిప్రసాద్ గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. జానీమియా చేయి చాచాడు. తడిపి రుద్ది చూస్తాడని, పట్టుబడితే ఏం చెప్పాలా అని దారంతా వణికాడు. ఆ పెద్దమనిషి కుర్చీలోంచి మెడ కూడా వంచలేదు.

"ఆఁ, ఉన్నది. ఈడ సంతకం వెట్టు."

రికార్డులో ఉన్న పుట్టుమచ్చ నా ఒంటి మీద ఉన్నది ఉన్నట్టే ఉన్నదని రాసిన కాగితం అది. జానీమియా చదివాడు, పెట్టాడు. ముద్ర పడింది. హమీదాబీ కార్డు చేతికి వచ్చింది. దాన్ని లోపలి జేబులో భద్రంగా పెట్టుకుని, రెండో జేబులోంచి దేవదాస్ రాసిన కాగితం తీశాడు. నిటారుగా నిలబడ్డాడు.

"ఇది రంగు. మచ్చ నాకు ఎన్నడు లేదు. ఇగో సాక్షుల సంతకాలు. రికార్డు దిద్దుండ్రి."

హరిప్రసాద్ కాగితం మొత్తం చదివాడు. ఆశ్చర్యపోలేదు.

"నాకెరుకే చాచా. రంగయితేంది, బొగ్గయితేంది? గని ఒక్క మనిషికి రెండు మాటలు నడువయి. ఉన్నదని ఇప్పుడే సంతకం వెట్టినవ్. లేదంటవా, కార్డు ఇటియ్యి, కాయితం తీసుకుంట. ఏది కావాల్నో నువ్వే జెప్పు."

జానీమియా చేయి లోపలి జేబు మీదికి పోయింది. బల్ల మీది కాగితాన్ని తన చేత్తోనే వెనక్కి లాక్కున్నాడు.

"గట్ల రా," అన్నాడు హరిప్రసాద్, ఇంకో ఫైలు తీస్తూ. "ఏడాదికోసారి అచ్చి మచ్చ చూపియ్యాలె, యాదికి పెట్టుకో. ఆ దేవదాస్‌ను జర పైలంగ చూసుకో."

బస్సులో కూర్చున్నాక లోకం మీద అసహ్యపడదామని చూశాడు. ఎప్పుడూ సులువుగా వచ్చేది, ఈసారి రాలేదు. ఆ గుమాస్తా తనను చూసి అసహ్యించుకోనైనా లేదు, తన జాతివాడిలా కలుపుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి హమీదాబీ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కార్డు చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి, తన ఫోటోను వేలితో తడుముకుంది.

"అజీ, మచ్చ సంగతి దిద్దిండ్రా?"

"దిద్దిండ్రు."

"నేను చెప్పలేదా," అంది ఆమె ఆయాసపడుతూనే, సంతోషంగా. "నిజం మీద నిలవడ్డరు మీరు. గందుకే అయ్యింది."

జానీమియా చొక్కాచేతికి బొత్తాం పెట్టుకున్నాడు.

"అవు," అన్నాడు.