ఎత్తకూడని ఫోను

మా ఎరువుల కంపెనీ హెడ్డాఫీసు అప్పట్లో విశాఖ పోర్టు రోడ్డులో ఉండేది. 1997లో బ్రాంచీలన్నిటినీ కంప్యూటర్లతో కలిపే పని నా నెత్తిన పెట్టారు. మాకున్నదల్లా ఫోను లైనూ, ఆ లైను మీద కంప్యూటర్లని మాట్లాడించే మోడెమూ. బ్రాంచి కంప్యూటరు మా మోడెముకి ఫోను చేస్తుంది. మా మోడెము పాస్‌వర్డు అడిగి, ఠక్కున లైను కట్ చేసి, తన దగ్గర రాసిపెట్టుకున్న బ్రాంచి నంబరుకి తనే తిరిగి చేస్తుంది. పాస్‌వర్డు కొట్టేసినవాడికి బ్రాంచిలో బల్ల మీది ఫోను దొరకదు కదా! ఆ ఏర్పాటు చూసుకుని నేను తెగ మురిసిపోయేవాణ్ణి.

ఎలమంచిలి ఒక్కటే కలవలేదు. శనివారంలోగా కలవకపోతే ఆ బ్రాంచి ఎత్తేసి, ఇన్‌చార్జి గవర్రాజుగారిని రాష్ట్రం దాటించి రాయగడ పంపేస్తానన్నాడు మేనేజరు. గవర్రాజుగారికి యాభై దగ్గరపడుతున్నాయి. ఊళ్లో రెండెకరాల పొలం, రెండు గేదెలు, మోకాళ్ల నొప్పులతో లేవలేని భార్య చిలకమ్మ. ఆయన రాయగడ ఎలా వెళ్తారు?

శుక్రవారం పాసింజరెక్కి, తిట్టుకుంటూ వెళ్లాను. నా ఎదుటే ఆయన కంప్యూటరు ఫోను చేసింది. లైను తెగింది. బల్ల మీద ఫోను మోగింది. మోగీ మోగగానే గవర్రాజుగారు రిసీవరు ఎత్తి, నిటారుగా కూర్చుని, "హలో, ఎలమంచిలి బ్రాంచండి. గవర్రాజుని మాట్లాడతన్నాను" అన్నారు. మా మోడెము ఆయన చెవిలో కీచుమంది.

"ఎందుకెత్తారండీ! దాన్ని మీ మోడెము ఎత్తాలి!"

"మోగితే ఎత్తకపోతే ఎలాగ బాబూ? గుమ్మంలోకొచ్చి పిలిసినోడికి పలకమేటి?"

"అది మనిషి కాదు, మోడెము!"

"ఏటైతేనేటి, పిలిసింది కదా పాపం."

నాకు ఒళ్లు మండిపోయింది. పక్క హోటల్నించి టీ తెప్పించి, గ్లాసు ఆయన రెండు చేతుల్లోనూ పెట్టాను. "ఇది దించారంటే రాయగడే" అని బెదిరించాను. ఫోను మోగింది. ఎత్తబోయి టీ ఒలకబోసుకున్నారు గానీ ఆయన గ్లాసు దించలేదు. రెండోసారి మోగాక మోడెమే అందుకుంది. ఎలమంచిలి కలిసింది, బ్రాంచి నిలిచింది.

ఆ తరవాత తొమ్మిదేళ్లు, సాయంత్రం ఐదయ్యేసరికి మా మోడెము మీద పచ్చలైట్లు వెలిగేవి. గవర్రాజుగారు టీ పట్టుకుని కూర్చున్నారని నవ్వుకునేవాణ్ణి. ఆ కీచు అప్పట్లో ఎంత చికాకు పెట్టేదో! ఇప్పుడు ఒక్కసారి వింటే బాగుండుననిపిస్తుంది.

2006కి ఆఫీసు మధురవాడ మారింది. గదిగదికీ వైఫై వచ్చింది. సేల్సు వాళ్లు ల్యాప్‌టాపుకి డేటాకార్డు గుచ్చి, పొలంగట్టు మీంచే ఆఫీసు ఫైళ్లు తెరుస్తున్నారు. దారిలో ఎవడూ తొంగి చూడకుండా వీపీఎన్ కూడా పెట్టాను. ఎలమంచిలి మాత్రం పాత పద్ధతిలోనే ఉంది. గవర్రాజుగారు రిటైరయ్యేదాకా ఉంచమని నేనే పైవాళ్లని బతిమాలాను.

ఆ రోజు రానే వచ్చింది. ఐదింటికి ఆయన కంప్యూటరు పిలిచింది. మోడెము తిరిగి చెయ్యబోతుంటే దాని వైరు పీకేసి, ఆ నంబరు నేనే నొక్కాను. ఈ ఒక్కరోజూ ఆయన ఎత్తుతారని ఎందుకనుకున్నానో మరి. రెండుసార్లు మోగింది. "గవర్రాజుగారూ!" అన్నాను సంబరంగా. అవతల మోడెము కీచుమంది.

నిమిషంలో నా సెల్లు మోగింది.

"బాబూ, లైను కలవనేదు. నాను ముట్టుకోనేదు, అప్పన్న సామి మీదొట్టు. గలాసు సేతిలోనే ఉంది."

ఆఖరి రోజున కూడా ఆ గొంతులో రాయగడ భయమే. ఆ భయం పెట్టింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

"మోడెము కాదండీ, నేనే చేశాను. మీరు హలో అంటే విందామని."

అవతల గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"ముందే సెప్తే ఎత్తీవోణ్ని కదా బాబూ. ఏదీ, మళ్లీ సెయ్యి."

చేశాను. మోగీ మోగగానే ఎత్తారు.

"హలో, ఎలమంచిలి బ్రాంచండి. గవర్రాజుని మాట్లాడతన్నాను."