కొత్త లిఫ్టు డాక్టరమ్మది

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో మేనేజరుకి ఒక గర్వం ఉండేది. తన కింద పనిచేసేవాళ్ళెవరూ తనను వదిలి పోరని. పక్క కంపెనీల వాళ్ళు ఎదురుపడితే చాలు, ఆ మాట ఎత్తకుండా కదిలేవాడు కాదు. అందుకే ఆ రోజు డాక్టరమ్మ వచ్చి టేబులు ముందు నిలబడి, "ఈ నెలాఖరుకి మానేస్తున్నాను సార్" అంటే ఆయనకి ముందు చెవికెక్కలేదు.

డాక్టరమ్మ అంటే వైద్యురాలు కాదు, మెకానిక్కు. మొరాయించిన లిఫ్టు తలుపుకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు విని, "దీని నొప్పి ఇక్కడ" అని వేలు పెట్టి చూపించేది. తోటివాళ్ళు సరదాకి పిలిచిన పేరే ఆమెకు ఖాయమైపోయింది.

"ఎవరు లాక్కుపోతున్నారు నిన్ను? వాళ్ళకన్నా ఎక్కువే ఇప్పిస్తాను" అన్నాడు మేనేజరు.

ఆమె నవ్వింది. "ఎవరూ పిలవలేదు సార్. మానేశాకే వెతుక్కోవాలి. జీతం గొడవ కాదు."

"మరి?"

"తలుపు సరిగా పడట్లేదంటే మిగతావాళ్ళు వెళ్తారు. మధ్యలో ఆగి జనం ఇరుక్కుంటే నన్ను పంపిస్తారు. వాళ్ళు చెడగొట్టొచ్చింది సరిచెయ్యడానికీ నన్నే పంపిస్తారు. బాగా చేసినందుకు నాకు దక్కిందేంటంటే ఇంకొకళ్ళ పని. పోనీ అదైనా సరే. కొత్త లిఫ్టు పెట్టే పని ఒక్కటివ్వండని ఎన్నిసార్లు అడిగానో. చూద్దాంలే అన్నారు. ఇక చూడక్కర్లేదు సార్."

గొంతులో కోపం లేదు. మేనేజరుకి దానికే ఎక్కువ భయం వేసింది. కోపమైతే బుజ్జగించొచ్చు.

ఇంటికెళ్ళి భార్య ముందు ఏకరువు పెట్టాడు. ఆవిడ బట్టలు మడతపెడుతూ అంతా విని, "ఆ అమ్మాయితో ఎప్పుడైనా బాగా చేశావన్నారా?" అంది.

"తన పని గురించి ఊరందరికీ చెప్తానే!"

"ఊరికి చెప్పారు సరే. ఆ అమ్మాయికి?"

ఆయన మంచినీళ్ళ వంకతో లేచాడు.

"తప్పించుకోకండి" అంది ఆవిడ వంటింటిదాకా వినబడేలా. "నాకూ ఇంతవరకు ఒక్కసారీ చెప్పలేదు!"

మర్నాడు ఆయన నేరుగా యజమాని గదిలోకి వెళ్ళాడు. "లైబ్రరీ కొత్త భవనంలో లిఫ్టు డాక్టరమ్మకి అప్పగిద్దామండీ. మొత్తం తనే చూసుకుంటుంది."

"ఆవిడ అక్కడుంటే రిపేర్లు ఎవరు చూస్తారయ్యా?"

"ఆవిడ మానేస్తే ఎవరు చూస్తారండీ?"

యజమాని కళ్ళజోడు తీసి టేబులు మీద పెట్టాడు.

"కష్టమైన పనులు ఇకనుంచి అందరూ వంతులవారీగా చేస్తారు. రానివాళ్ళు నేర్చుకుంటారు. మొదటి వంతు నాది."

"నువ్వు పానా పట్టి ఎన్నేళ్ళయిందో గుర్తుందా?"

"అందుకేనండీ మొదటి వంతు."

అక్కణ్ణుంచి డాక్టరమ్మ పనిచేస్తున్న చోటికి వెళ్ళాడు. డాబా మీద, మోటారు గదిలో ఉంది ఆమె, చేతులు గ్రీజుతో నల్లబడి. "నిన్ను బతిమాలడానికి రాలేదు" అన్నాడు ఆయాసపడుతూ. "లైబ్రరీ లిఫ్టు నీది. అది అయ్యాక కూడా వెళ్ళాలనిపిస్తే నేనే దగ్గరుండి సాగనంపుతాను. ఇంకోటి. నీ పని చాలా బాగుంటుందమ్మా. ఈ మాట నీతో ఎప్పుడో అనాల్సింది."

ఆమె గుడ్డతో చేతులు తుడుచుకుంది. తల ఎత్తకుండా గోళ్ళ సందుల్లో గ్రీజు కూడా తుడుచుకుంది. "ఇంకో ముగ్గురు కావాలి సార్. మనుషుల్ని నేనే ఎంచుకుంటాను" అంది చివరికి.

ఎంచుకున్నవాళ్ళలో ఒకడు అందరూ బద్ధకిష్టి అని పక్కనపెట్టినవాడు. "వాడెందుకమ్మా తలనొప్పి!" అన్నాడు మేనేజరు.

"వాడికి ఎవరూ నేర్పలేదు సార్. తిట్టి పంపించారంతే."

లైబ్రరీలో పని సాగినన్నాళ్ళూ మేనేజరు తన వంతు రిపేర్లకి తిరిగాడు. వేళ్ళు నలిగాయి, నడుం పట్టేసింది, ఒకచోట చేతకాక సాటివాళ్ళని పిలిచి నవ్వులపాలయ్యాడు. ఆమె ఇన్నాళ్ళూ ఒక్కతే మోసిందేమిటో అప్పుడు ఒంటికి తెలిసొచ్చింది.

తనిఖీ రోజున ఇన్‌స్పెక్టరు గ్లాసు నిండా నీళ్ళు పోసి లిఫ్టు నేల మీద పెట్టాడు. లిఫ్టు పై అంతస్తుకి వెళ్ళి, దిగి వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. గ్లాసు చుట్టూ నేల పొడిగా ఉంది.

"ఎవరు చేశారండీ ఈ పని?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

యజమాని గొంతు సవరించుకుంటుంటే మేనేజరు మెల్లగా ఆయన మోచెయ్యి నొక్కి, డాక్టరమ్మ వైపు చూశాడు.

"నేనేనండీ" అంది ఆమె తల పైకెత్తి. "మేం నలుగురం."

మేనేజరుకి ఛాతీ ఉప్పొంగింది. ఎవరూ తనను వదిలి పోరని ఇన్నాళ్ళు మురిసింది దీని ముందు ఎందుకూ కొరగాదనిపించింది.

డాక్టరమ్మ మానేయలేదు. ఆ తరువాత వరసగా రెండు భవనాలకి లిఫ్టులు పెట్టింది. మూడోదానికి మేస్త్రీగా తను పని నేర్పిన బద్ధకిష్టినే నిలబెట్టి, "వీడు చూసుకుంటాడు సార్, నాది పూచీ" అంది. మేనేజరు ఈసారి కారణం అడగలేదు. ఆ భవనం ముందు నిలబడి, దారినపోయే తెలిసినవాళ్ళందరినీ ఆపి మరీ లోపలికి తీసుకెళ్ళి, బద్ధకిష్టీ మిగతావాళ్ళూ పనిచేస్తుంటే చూపించాడు.