అమ్మకి సముద్రం పడదు

"రెండు రోజుల ప్రయాణానికి ఇంత సామానేంటి? కాపురం పెట్టడానికి వెళ్తున్నామా?" అన్నాడు మా ఆయన, నేను ఉడికిన బంగాళాదుంపల తొక్క తీస్తుంటే.

సామాను నాది కాదు. కుక్కరు, గరిటెలు, పప్పు డబ్బా, నూనె సీసా, ఇవన్నీ ఆయన పొదుపు కన్న పిల్లలు. వారం నుంచీ ఫోన్లో స్నేహితులకి చెప్తూనే ఉన్నాడు. జనం తొక్కని బీచి ఒకటి పట్టాడట. సముద్రానికి ఎదురుగా గదులు ఖరీదట, గుట్ట వెనకాల ఇల్లు చవకట, అందులో వంటగది కూడా ఉందట. వంటగది మాట వచ్చినప్పుడల్లా ఆయన గొంతు వెలిగేది. "బయట తిండి దండగరా. మా ఆవిడ ఉందిగా." కుక్కరు ఉందిగా అన్నా అదే గొంతుతో అంటాడు.

నేను పనిచేసేది ఒక పెద్ద కొట్లో. కొన్నవాళ్ళు నచ్చలేదని తెచ్చిచ్చిన వస్తువులు వెనక్కి తీసుకునే కౌంటరు నాది. రోజంతా నిలబడి, ఎవరికో వద్దనిపించిన బట్టల్ని మళ్ళీ కొత్తవాటిలా మడతపెడతాను. శనివారం సెలవడిగితే మా సూపర్వైజరు, "బీచికా! అదృష్టవంతురాలివి" అంది. నాకూ అలాగే అనిపించింది. ఈ దేశం వచ్చేటప్పుడు విమానం కిటికీలోంచి సముద్రం చూశాను. అంతే, మళ్ళీ చూడలేదు. అందులో నడుం దాకా దిగి నిలబడాలని నాకో కోరిక. ఎవరికీ చెప్పలేదు. నోరు తెరిచి చెప్పుకోవాల్సినంత పెద్ద కోరికా అది అనుకున్నాను.

కారు అద్దెది. ముందు మా ఆయనా, బావగారూ. మధ్యలో బావగారి భార్య నర్సక్క, మా అమ్మాయి చిట్టి, ఇంకా పెళ్ళికాని తమ్ముడు. వీళ్ళెవరూ చుట్టాలు కారు. పరాయి దేశంలో మన మాట మాట్లాడేవాళ్ళంతా అక్కలూ బావలూ అయిపోతారు, అంతే. వెనక నేనూ, సామానూ. ఒళ్ళో కుక్కరు. మలుపు తిరిగినప్పుడల్లా దాని పిడి నా పొట్టలో పొడిచేది.

"వదినా, ఇరుకుగా ఉందా అక్కడ?" అన్నాడు తమ్ముడు, తల తిప్పకుండా.

"లేదు" అన్నాను. అడిగిన తీరులోనే జవాబు ఉంది మరి.

ఇల్లు చక్కగానే ఉంది. సముద్రం మాత్రం కనపడదు. గుట్ట అవతల ఎవరో తీరిగ్గా బియ్యం చెరుగుతున్నట్టు చప్పుడు, అంతే. నేను చెప్పులు కూడా విప్పకుండా ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను.

"నడిచే దారి లేదు. కారులో చుట్టూ తిరిగి పోవాలి" అన్నాడు మా ఆయన, తువ్వాళ్ళు భుజాన వేసుకుంటూ. "మేం వెళ్ళి మంచి చోటు చూస్తాం. నువ్వు వంట కానిచ్చేలోపు వచ్చి తీసుకెళ్తా."

నర్సక్క గుమ్మంలో ఆగింది. "నేనుండనా చెల్లీ సాయానికి?"

"వద్దక్కా. దొరక్క దొరక్క దొరికిన సెలవు మీకు" అంది నా నోరు. నాకూ దొరక్క దొరికిన సెలవేనని ఆవిడకి గుర్తు రాలేదు. నాకే రానప్పుడు ఆవిడకేం వస్తుంది.

వంట చేశాను. ఉల్లితొక్కలూ, దుంప తొక్కలూ వెనక తలుపు పక్కనున్న చెత్తడబ్బాలో పోసొచ్చాను. స్నానం చేసి, తడిసినా పరవాలేని పాత డ్రస్సు వేసుకుని, జడ పైకి ముడివేసుకుని, డబ్బాలు పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. పెళ్ళిచూపులప్పుడు కూడా అంత ముందుగా తయారవలేదు.

కారొచ్చింది. ఆయన ఇంజను ఆపలేదు. "ఇచ్చెయ్, ఇచ్చెయ్, అందరూ ఆకలికి నకనకలాడిపోతున్నారు" అన్నాడు. డబ్బాలు ఒక్కొక్కటే అందించాను. అవతలి తలుపు తీసి ఎక్కబోయాను. తడి తువ్వాళ్ళు పడేసిన సీటు నీళ్ళోడుతోంది.

"అయ్యో, సీట్లన్నీ తడిసిపోయాయే! అద్దె కారు, మరక పడితే మన ప్రాణం తీస్తారు. నువ్వూ తడి మీద ఎలా కూర్చుంటావ్? పైగా ఎండ మాడ్చేస్తోంది. సాయంత్రం చల్లబడ్డాక నిన్నొక్కదాన్నే తీసుకెళ్తా. సరేనా?"

ప్రేమగానే అన్నాడు. ఆయనతో వచ్చిన చిక్కే అది. కొట్టడు, తిట్టడు. 'సరేనా' అంటాడు. ఆ మాట పూర్తికాకముందే నా 'సరే' బయటికొచ్చేసి నిలబడుతుంది, పిలవకుండానే వచ్చే పెంపుడు కుక్కలా. తిట్టేవాడితోనైతే పోట్లాడొచ్చు. చుట్టుపక్కలవాళ్ళు రెండు మాటలు నా వైపు కూడా అంటారు. 'సరేనా' అనేవాడితో ఏమని పోట్లాడను? నేనే ఒప్పుకున్నానని నేనే సాక్ష్యం. కారు వెళ్ళిపోయింది. అన్నం బీచికి వెళ్ళింది, వండినదాన్ని నేనిక్కడే ఉన్నాను. నా కోసం ఒక డబ్బా తీసి పెట్టుకోలేదని అప్పుడు తెలిసింది. గిన్నె అడుగున గోకి తిన్నాను.

సాయంత్రం అందరూ కమిలిపోయిన వీపులతో వచ్చారు. ఇక మళ్ళీ వెళ్ళే మాటే లేదు. ఇసుక బాత్రూములో, ఇసుక పరుపుల మీద, ఇసుక చిట్టి చెవుల్లో. బట్టలు జాడించినప్పుడు బకెట్టు అడుగున చేరిన ఇసుకని చేత్తో తీశాను. సముద్రం అలా కాస్త నా దాకా వచ్చింది.

అన్నాల దగ్గర తమ్ముడు మూడోసారి కూర వేయించుకుంటూ, "వదినా, మీరు లేకపోతే ఈ ట్రిప్పే లేదు" అన్నాడు. బావగారు, "రేపు పొద్దున టిఫినేంటమ్మా?" అన్నాడు. నర్సక్క ఒక్కతే నా వంక చూసి, "ఒక్కసారైనా కిందికి రాలేదేం చెల్లీ నువ్వు?" అంది.

నేను నోరు తెరిచేలోపు చిట్టి కంచంలోంచి తలెత్తకుండా చెప్పింది. "అమ్మకి సముద్రం పడదాంటీ. నాన్న చెప్పాడు."

మా ఆయన నవ్వేశాడు. "ఆవిడకి ఇసుకంటే చిరాకులే."

తను అబద్ధమాడినట్టు కూడా ఆయనకి తెలియదు. అక్కడ ఎవరో అడిగి ఉంటారు, నోటికొచ్చింది చెప్పి ఉంటాడు, చెప్పాక తనే నమ్మి ఉంటాడు. నేను గిన్నెలు తోముతూ మా అమ్మ గురించి ఆలోచించాను. పెళ్ళికి వెళ్ళాలన్నా, ఊరు చూడాలన్నా మా నాన్న ఒకటే అనేవాడు, "మీ అమ్మకి బస్సు పడదు." మేం పిల్లలం కొత్తబట్టలు వేసుకుని ఆయన వెంట పోయేవాళ్ళం. అమ్మ పశువుల దగ్గర ఉండిపోయేది. పాపం అమ్మకి వాంతులవుతాయి అనుకునేదాన్ని. ఈ దేశం రాకముందు, నేను అక్కడ ఉద్యోగంలో చేరాక కళ్ళ డాక్టరు దగ్గరికి అమ్మని బస్సులో తీసుకెళ్ళాను. చేతిలో నిమ్మకాయ, కవరు సిద్ధంగా పెట్టుకున్నాను. అమ్మ కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా గాలికి మొహం ఇచ్చింది. దిగమంటే దిగబుద్ధి కానట్టు చూసింది. "నీకు బస్సు పడదన్నావుగా?" అన్నాను. "నేనెప్పుడన్నానే?" అంది అమ్మ. ఆ రోజు నవ్వాను. ఇవాళ సబ్బు నురగలో చేతులు అలాగే ఉంచి నిలబడిపోయాను. నా కూతురికి కూడా ఒక మాట అంటించేశారు. అది రేపు ఇంకెవరికో చెప్తుంది, జాలిగా.

ఆదివారం అందరికంటే ముందు లేచాను. పొయ్యి వెలిగించి, ఉల్లిపాయలు తరిగి, తొక్కలు పారెయ్యడానికి వెనక్కి వెళ్ళాను. చెత్తడబ్బా వెనకాల పొదల్లోంచి ఒక ముసలావిడ బయటికొచ్చింది. మెడ చుట్టూ తువ్వాలు, జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. నాకు తలూపి తన ఇంటి వైపు నడిచిపోయింది. ఆవిడ వచ్చిన చోట చూశాను. మనిషి పట్టేంత సన్నని కాలిబాట, గుట్ట పక్కనుంచి కిందికి. నిన్న సరిగ్గా అక్కడే నిలబడి తొక్కలు పోశాను. దారి లేదన్న మాట విన్నాక కళ్ళు వెతకడం మానేస్తాయి కాబోలు.

లోపలికొచ్చి పొయ్యి ఆర్పేశాను. తరిగిన ఉల్లిపాయలు తరిగినట్టే వదిలేశాను. చిట్టిని లేపాను.

"ఎక్కడికమ్మా?"

"రా."

బాట మలుపు తిరగ్గానే సముద్రం ఉంది. అంత దగ్గర నుంచే అది నిన్నంతా నన్ను పిలుస్తూ ఉందన్నమాట. ఒడ్డున ఎవరూ లేరు. చెప్పులు విప్పి చిట్టి చేతికిచ్చి, "ఇక్కడే నిలబడు, నీళ్ళ దగ్గరికి రాకు" అన్నాను.

"నీకు సముద్రం పడదుగా?"

"నేనెప్పుడన్నానే?"

చిట్టి ఆలోచించింది. నేనెప్పుడైనా అన్నానేమోనని నిజంగానే గుర్తు చేసుకుంటోంది. దాని మొహంలో ఏదో లెక్క తప్పింది.

నేను నీళ్ళలోకి నడిచాను. చల్లదనం చీలమండలకి, మోకాళ్ళకి, నడుముకి వచ్చింది. కాళ్ళ కింద ఇసుక జారుతుంటే పడిపోకుండా నిలబడ్డాను. గుట్ట అవతల, ఇంటి వైపు నుంచి కారు హారను మోగింది, ఆగి మళ్ళీ మోగింది. ఆ వెనకే మా ఆయన గొంతు, టిఫిను ఏమైందని.

"అమ్మా, నాన్న పిలుస్తున్నాడు."

"వినపడింది."

"బట్టలన్నీ తడిసిపోయాయి. కార్లో సీటు తడుస్తుంది మరి."

"తడవనీ" అన్నాను. "ఇవాళ నేను ముందు సీట్లో కూర్చుంటున్నాను."