ముల్లు ఎడమకి పోయింది

ఛాంబర్ మూత మీద వేలి కణుపుతో టక్ టక్‌మని రెండు దెబ్బలు కొట్టి, "ఏం బావమరిదీ, ఉడికిందా?" అనడం బావకి అలవాటు. పక్క షెడ్డులో ఆవిరి ట్యాంకు ఆయన చేతిలో ఉండేది. పూత యంత్రం ఈ బావమరిది చేతిలో. గాలంతా లాగేసిన ఛాంబర్లో సిలికాన్ బిళ్ల మీద వెంట్రుకలో వందో వంతు మందాన పొర పరుస్తాడు. ఆ పొరని నొక్కితే కరెంటు పుడుతుంది. ట్యాంకు మీటర్లో కూర్చుని ప్రెషర్ ఎంతుందో చెప్పేది అదే.

ట్యాంకు పేలి, బావ పోయి రెండు నెలలు. విచారణకొచ్చిన చదువుకున్న పెద్దలు రెండు కప్పుల టీ తాగేలోపు తేల్చేశారు: కునుకు తీశాడు, ప్రెషర్ పెరగడం చూసుకోలేదు. పోయినవాడు లేచొచ్చి కాదనడు కదా, వాళ్లకదో సుఖం.

ఇతనికి మాత్రం సుఖం లేదు. పేలిన ట్యాంకు మీటరుకి వెళ్లిన బ్యాచ్‌లో మిగిలిన బిళ్లముక్క ఒకటి సొరుగులో ఉంది. పారేయడానికి చెయ్యి రాలేదు. టెస్ట్ మీటరుకున్న నొక్కుడు సూది కింద దాన్ని పెడితే చాలు, ఎవరూ తాకకుండానే ముల్లు ఎడమకి కొట్టుకుంటుంది. రెండేసార్లు. టక్, టక్.

నొక్కితే ముల్లు కుడికి పోవాలి. కానీ ఆ బ్యాచ్ నాడు పైవాళ్లు నెత్తిన కూర్చున్నారు. ఛాంబర్ కడిగాక తడి పోయేదాకా పన్నెండు గంటలు గాలి లాగాల్సింది, నాలుగింటితో సరిపెట్టాడు. తడి మిగిలితే పొర తలకిందులుగా పేరుకుంటుంది, నొక్కితే కరెంటు ఎదురు దిక్కున పుడుతుంది. టెస్ట్ చేశాడు కూడా. ముల్లు ఎంత కదిలిందో చూశాడు, ఎటు కదిలిందో చూడలేదు. ట్యాంకులో ప్రెషర్ పెరిగేకొద్దీ మీటరు తగ్గుతోందంది. బావ ట్యాంకులోకి ఇంకాస్త ఆవిరి వదిలాడు.

మధ్యాహ్నం అక్క పనివాళ్లు తొడుక్కునే గౌన్లు ఉతకడానికి తీసుకెళ్లాలని వచ్చింది.

"ఏంరా, దెయ్యం పట్టినట్టు కూర్చున్నావు?"

"అక్కా, బావ నిద్రపోయాడని నువ్వూ నమ్ముతున్నావా?"

"కూర్చున్నచోటే గుర్రు పెట్టే మనిషి. నమ్మక ఏం చెయ్యను? రోజూ ఆయన్ని తిట్టుకుంటూనే ముద్ద మింగుతున్నా."

అతనిక ఆగలేక బిళ్లముక్కని సూది కింద పెట్టాడు. "ఈ సూది నొక్కు."

నొక్కింది.

"ముల్లు ఎటు పోయింది?"

"ఎడమకి. అయితే ఏంటంట?"

"కుడికి పోవాలక్కా. బావ మెలకువగానే ఉన్నాడు. అబద్ధం చెప్పింది నా పొర."

అక్క వేలు తీసేసింది. ముల్లు సున్నా దగ్గరికొచ్చి ఆగింది. తర్వాత ఎడమకి, రెండుసార్లు.

ఆమె చేతిలోని గౌన్ల మూట జారింది. "ఇంటి తలుపూ ఇలాగే కొట్టేవాడురా."

మూట పక్కకి నెట్టి, "సూపర్వైజర్‌ని పిలువు. ఆయన ముందు మళ్లీ నొక్కుతా," అంది.

"నన్ను బతకనివ్వరక్కా."

"'నా బావమరిది పరిచిన పొర, కళ్లు మూసుకుని నమ్మొచ్చు' అనేవాడు మీ బావ. పిలువు."

అతను ఫోను తీశాడు. వెనకాల ముల్లు మళ్లీ కొట్టుకుంది. ఇద్దరూ మీటరు వైపు చూడలేదు, తలుపు వైపు చూశారు.