మేడ మీద వడియాలు

మెట్లు ఎక్కుతూనే ఉన్నాను, ఇన్ని మెట్లు ఉండకూడదే అనుకుంటూనే ఎక్కుతున్నాను, ఎందుకంటే మా సీరియల్ ఇంటి సెట్లో మెట్లు కాస్త పైకి వెళ్ళి ఒక ప్లైవుడ్ చెక్క దగ్గర ఆగిపోతాయి, ఆ చెక్క వెనకాల కూలరూ టీ ఫ్లాస్కూ తప్ప మేడ అనేది లేనే లేదు. పదహారేళ్ళుగా ఆ ఇంట్లో కనకవల్లి పిన్ని వేషం వేస్తున్నదాన్ని, నాకు తెలియదా? అయినా ఇప్పుడు చెక్క ఉండాల్సిన చోట తలుపు ఉంది, తోస్తే తెరుచుకుంటుంది, మొహాన ఎండ కొడుతుంది. ఆ ఎండకి వేడి లేదు.

మేడ మీద అందరూ ఉన్నారు. మా కామెడీ సీరియల్ వదిలి వెళ్ళిపోయిన నటులంతా చాపల మీద వరసగా కూర్చున్నారు, ప్రతివాళ్ళ ఒళ్ళోనూ ఒక ఖాళీ చాట ఉంది. నా మొగుడి వేషం వేసి సినిమాల్లోకి పోయినతనూ, అతని బదులు వచ్చి ఏడాదికే మానేసినతనూ పక్కపక్కనే ఒకే గళ్ళ చొక్కాలో ఉన్నారు, ఎవరెవరో పోల్చుకుందామంటే ఇద్దరి మొహాలూ కంటికి ఆనడం లేదు. పిట్టగోడ మీద చిదంబరం గారు కూర్చుని ఉన్నారు. ఈ సీరియల్‌ని పుట్టించిన రచయిత ఆయనే. ఛానెల్ వాళ్ళతో పడక బయటికి వెళ్ళిపోయారు, మరుసటి ఏడు పోయారు.

"రావే కనకం. ఆలస్యం చేశావేం?" అంటారు.

"కనకాన్ని కాదు గురువుగారూ, జలజాక్షిని" అంటాను, అనగానే కింద నుంచి జనం గొల్లుమంటారు.

ఆ నవ్వు నాకు బాగా తెలుసు, మొదటి ఏడాది మనుషుల్ని కూర్చోబెట్టి రికార్డు చేసిన నవ్వది, నటించేవాళ్ళు మారినా రాసేవాళ్ళు మారినా జోకులు చచ్చుబడిపోయినా ఇప్పటికీ దాన్నే వేస్తున్నారు. ఆరోజు నవ్వినవాళ్ళలో ఎంతమంది మిగిలారో!

ఎవరైనా మానేస్తే వాళ్ళ పాత్రని చంపడానికి చిదంబరం గారికి చేతులు వచ్చేవి కావు. చేతికో చాట ఇచ్చి, మేడ మీద వడియాలు తీసుకురమ్మని పంపేవారు. వాళ్ళు మెట్లెక్కేవారు, ఇక దిగేవారు కాదు, ఇంట్లో ఎవరూ వాళ్ళ ఊసెత్తేవారు కాదు. ఏదో ఒక రోజు ఒకే ఎపిసోడ్లో అందర్నీ కిందికి దింపుతానని నాకు మాటిచ్చారు. పాతవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలానంటే, మొండిగా ఆ మాట పట్టుకునే మిగిలాను.

"దింపుతానన్నారుగా, మరి ఎప్పుడు?" అని నిలదీస్తాను.

"రాద్దామనే కూర్చున్నానే. దిగాక వీళ్ళని గుర్తుపట్టేవాళ్ళు కింద ఒక్కరన్నా ఉండాలిగా. నువ్వున్నావులే అనుకున్నా. నువ్వూ పైకొచ్చేశావు."

"నేను రాలేదండీ, నన్నెవరూ పంపలేదు. చూడండి, నా చేతిలో చాట లేదు" అని రెండు చేతులూ చాపుతాను, నాకు భయంగా ఉంది, భయంగా ఉందని పైకే అంటాను, కింద మళ్ళీ అదే నవ్వు.

నవ్వు ఆగాక "పిన్నేదీ?" అని ఎవరో అడుగుతారు, "మేడ మీదికెళ్ళిందిగా" అని ఇంకెవరో అంటారు, అంతే, ఆ సంగతి వదిలేసి వేరే జోకులోకి వెళ్ళిపోతారు. నేనిక్కడే ఉన్నానని అరుస్తూ తలుపు దగ్గరికి పరిగెడతాను, అది తలుపు కాదు, తలుపులా రంగేసిన ప్లైవుడ్ చెక్క. వెనక్కి తిరిగేసరికి చాపల మీద వాళ్ళు ఒకరినొకరు ఆనుకుని జరిగి నాకు చోటిస్తున్నారు, ఆ మర్యాదకి జడిసి పిట్టగోడ వైపు జరుగుతాను.

"గురువుగారూ, నా పేరు చెప్పండి. ఒక్కసారి పిలవండి."

ఆయన నా వంక జాలిగా చూస్తారు. "నేను నీకు పెట్టింది ఒక్క పేరేనే కనకం."

నా పేరు నేనే చెప్పుకుందామని నోరు తెరుస్తాను. ఇందాక అన్న పేరే, ఇప్పుడు రావడం లేదు. ఎంత తడుముకున్నా కనకవల్లే వస్తోంది, ఆయన పిట్టగోడ దిగి నా చెవి దగ్గరికి వంగి, ఎవరూ వినకూడదన్నట్టు అంటారు: "ఇస్తారు. ఇచ్చినా పట్టుకోకు."

"పిన్నీ! ఓ పిన్నమ్మా! జర లేవుండ్రి, షాట్ రెడీ అయింది."

మేకప్ గదిలో కుర్చీలోనే కునుకు తీశాను. షూటింగ్ సామాన్లు చూసే యాదయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నెల కిందట వచ్చిన కొత్త రచయిత పొద్దున్నే సీను మార్చాడట.

"డైలాగ్ ఏం లేదంట పిన్నీ. ఇది పట్టుకొని మెట్లెక్కుడేనంట" అంటూ కొత్త చాట ఒకటి నా ముందుకు చాపాడు.

నేను చేతులు రెండూ కొంగు కింద దాచుకున్నాను.