అధ్యక్షురాలి ఓటు

ఆ పార్టీ ఎంత చిన్నదంటే, రాష్ట్ర మహాసభ పెట్టినా కుర్చీలు అద్దెకు తెచ్చే పని ఉండేది కాదు. కుట్టుమిషన్ల షాపు పైనున్న హాల్లో బెంచీలే మిగిలిపోయేవి. పద్ధతుల్లో మాత్రం పెద్ద పార్టీలు దీనిముందు దిగదుడుపే. రాష్ట్రమంతా ఓటేసి ఎన్నుకునే గవర్నరు పదవికి ఎవరిని నిలబెట్టాలో జిల్లాల నుంచి వచ్చిన సభ్యులే చేతులెత్తి తేల్చేవారు. చేతులు సమానమైతే అధ్యక్షస్థానంలో ఉన్నవారి మాటే చెల్లుతుంది.

ఆ ఏడు అధ్యక్షురాలు ప్రింటింగ్ ప్రెస్ నడిపే ఆవిడ. అందరూ ప్రెస్సక్క అనేవారు. ఆవిడ చెయ్యి పట్టుకుని పార్టీలోకి తెచ్చింది అక్క మొగుడు, సైకిల్ మెకానిక్కు. గవర్నరు పదవికి ఇంతకుముందు మూడుసార్లు నిలబడిందీ ఆయనే. మూడుసార్లూ డిపాజిట్ గల్లంతు. వీధిలో ఎవరైనా "ఈసారైనా దక్కుతుందా బావగారూ?" అని ఆటపట్టిస్తే, "బ్యాంకులో వేసినా దక్కుతుందన్న నమ్మకం ఉందా?" అని నవ్వేసేవాడు. మళ్లీ సైకిలెక్కి ఇల్లిల్లూ తిరిగేవాడు.

నాలుగోసారీ ఆయనే అనుకుంటుండగా, టీవీలో వార్తలు చదివే పెద్దమనిషి ఒకాయన పార్టీలో చేరాడు. ఆ మొహం తెలియని ఇల్లు లేదు. కుర్రకారు ఎగిరి గంతేసింది. ప్రెస్సక్క మనసూ అటే లాగింది. తను అచ్చేసిన కరపత్రాలు పొట్లాలు కట్టుకోవడానికి పోవడం ఇన్నేళ్లుగా చూస్తూనే ఉంది. ఒక్కసారైనా గెలుపంటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

సభకు ముందురోజు బావ ప్రెస్సుకు వచ్చాడు. నున్నగా గడ్డం గీయించుకుని కొత్త ఫొటో తీయించుకున్నాడు. దాన్ని గాజు బల్లమీద పెట్టి, "పోస్టరుకు పనికొస్తుందామ్మా? మరీ పెళ్లికొడుకులా ఉన్నానా?" అని అడిగాడు.

అప్పటికే తను ఎటో ఆవిడ తేల్చేసుకుంది. ఆ మాట ఇప్పుడెందుకులే, సభలో ఎలాగూ వేరేవాళ్లే ఓడిస్తారులే, తన చేతికి మట్టి అంటదులే అనుకుంది. "బాగుంది బావా" అంది.

మర్నాడు చేతులు లెక్కపెడితే సమానంగా వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టారు. అంతే. హాలంతా ప్రెస్సక్క వైపు తిరిగింది. రెండో బెంచీలో అక్క, పక్కన బావ. ఆవిడ బల్లమీది మంచినీళ్ల గ్లాసునే చూస్తూ వార్తలాయన పేరు చెప్పింది. మొదట చప్పట్లు కొట్టింది బావే.

మెట్లు దిగుతుంటే అక్క దగ్గరకొచ్చి మెల్లగా అంది: "ఓటు నీ ఇష్టమే. నిన్న ఆ ఒక్క ముక్కా చెప్పి ఉంటే సరిపోయేది కదే. పొద్దున్నుంచీ అద్దం ముందు, సభలో చెప్పాల్సిన మాటలు చెప్పుకున్నాడు ఆయన."

ఆ తర్వాత జరిగింది ఊరంతా చూసింది. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసే రోజున వార్తలాయన తన పేరు వెనక్కి తీసుకుని, సాయంత్రానికి పెద్ద పార్టీ వేదికమీద కనిపించాడు. ఇంకొకరిని నిలబెట్టే వీల్లేకపోయింది. పోటీలో లేని పార్టీకి గుర్తు ఉండదు కాబట్టి అదీ పోయింది.

ప్రెస్సక్క సైకిల్ షాపుకు వెళ్లింది. బావ వంకర పోయిన చక్రాన్ని తిప్పిచూస్తూ ఒక్కొక్క పుల్లా బిగిస్తున్నాడు. ఆవిడకోసం స్టూలు తుడిచి జరిపాడు.

"నేను చెప్పాల్సింది బావా" అంది.

"ఏం చెప్పేదానివి?"

"నువ్వు గెలవవని."

ఆయన చక్రం ఆపాడు. "అది నాకూ తెలుసమ్మా. పనికిరానని నువ్వూ అనుకున్నావని తెలియలేదు." మళ్లీ చక్రం తిప్పుతూ, అక్క ఎదురుచూస్తోందనీ, వెళ్తూ వెళ్తూ ఇంటికి వెళ్లి భోంచేసి పొమ్మనీ చెప్పాడు.

మరుసటి ఎన్నికలకు గుర్తు తిరిగి రావాలంటే జనం సంతకాలు కావాలన్నారు ఎన్నికల అధికారులు. సంతకాలకు తోడు రమ్మని ప్రెస్సక్క అడిగితే, మోకాళ్లు సహకరించడం లేదన్నాడు బావ. షాపుకు మాత్రం రోజూ నడిచే వెళ్తున్నాడు. ప్రెస్సక్కే గడపగడపా ఎక్కింది. తలుపు తీసిన ముసలావిడ ఒకామె కాగితం చదవకుండానే, "ఆ సైకిలాయనే కదా నిలబడేది?" అంటూ పెన్ను అందుకుంది.

ఈసారి ప్రెస్సక్క అబద్ధమాడలేదు. కాదని చెప్పింది. ముసలావిడ పెన్ను తిరిగి ఇచ్చేసి, మంచినీళ్లేమైనా కావాలా అని అడిగింది.

సంతకాలు చాల్లేదు. ఆ ఏడూ పార్టీ తరఫున ఎవరూ నిలబడలేదు.