నీలం మామ కట్టిన సంఘం

బట్టల మిల్లుల్లో రంగుల మేస్త్రీలకు సంఘమంటూ లేని రోజుల్లో, మరిగే రంగు తొట్టి మీదకు వంగిన మేస్త్రీ ఒకడు ఆవిరి పీల్చి అక్కడే కూలిపోయాడు. యజమానులు అతని భార్యకు దుప్పటి పంపారు. అదీ రంగు సరిగ్గా పట్టక పక్కన పడేసినది.

ఆ దుప్పటి చూశాకే నీలం మామ సంఘం పెట్టాలనుకున్నాడు. గోళ్లలో నీలిరంగు ఎన్నడూ వదలదు గనక ఆయనకా పేరు. షెడ్డులో అందరికీ మామే. ఒక్కడికి మాత్రం నిజంగా మామ. కూతురి మొగుడైన ఆ ఒక్కణ్ణే కార్యదర్శిని చేశాడు.

"సంఘంలోకి చుట్టరికాన్ని తేకు మామా" అన్నారు ఒకరిద్దరు.

"అల్లుడని కాదురా. కోపమొస్తే నాకు నోరు జారుద్ది. వాడికి ఎంత కోపమొచ్చినా నవ్వుతాడు. యజమానులతో మాట్లాడాలంటే అలాంటోడే ఉండాలి."

దర్జీ కొట్టు మీద గది అద్దెకు తీసుకున్నారు. అందరూ చాపల మీదే కూర్చునేవారు. నీలం మామ నడుము నొప్పి మనిషి. ఇంటి నుంచి చేతుల కుర్చీ మోసుకొచ్చుకున్నాడు.

ముఖాలకు ముసుగులు, షెడ్డులో గాలి లాగే ఫ్యాన్లు కావాలని సమ్మె కట్టారు. తొట్లు చల్లారిపోయాయి. నేసిన బట్ట తెల్లగా గుట్టలు పడింది. చివరికి యజమానులు కార్యదర్శికి కబురు పెట్టారు.

మర్నాడు సాయంత్రం సమావేశం. గెలిచామనుకొని నీలం మామ కూతురి చేత చొక్కా ఇస్త్రీ చేయించుకొని మరీ వచ్చాడు.

అల్లుడు నవ్వుతూనే మొదలుపెట్టాడు. "ముసుగులిస్తారంట. ఫ్యాన్లు పెడతారంట. సంఘాన్ని ఒప్పుకుంటారంట. ఒక్కటే షరతు."

"ఏంటది అల్లుడూ?"

"మీరు ఉండకూడదంట మామయ్యా. సంఘంలోనూ, ఏ మిల్లులోనూ."

"మరి నువ్వేమన్నావు?"

"అందర్నీ అడిగి చెప్తానన్నాను."

నీలం మామ చుట్టూ చూశాడు. వీళ్లలో సగంమందికి పని నేర్పింది తనే. "అయితే అడుగు" అన్నాడు ధీమాగా.

షరతుకు ఒప్పుకుంటూ మొదట వెనక వరుసలో ఒక చెయ్యి లేచింది. పక్కవాడి మొహం చూసి ఇంకొకటి. ఆ తర్వాత మోచేతుల దాకా ఎరుపు, పసుపు మరకలున్న చేతులన్నీ లేచాయి. చనిపోయిన మేస్త్రీ తమ్ముడు కూడా ఎత్తాడు. "ముసుగులు కావాలి గదా మామా" అన్నాడు నేల చూస్తూ.

"కుర్చీ ఖాళీ చెయ్యండి మామయ్యా. ఇంకా మాట్లాడుకోవాల్సినవి ఉన్నాయి" అన్నాడు అల్లుడు.

"కుర్చీ నాదిరా!"

దాన్ని ఎత్తుకొని బయటికి నడిచాడు. ఇనుప మెట్ల మలుపులో కుర్చీ ఇరుక్కుంది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, కదల్లేదు. పైన ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో ఇంకొందరికి నవ్వు ఆగలేదు. కింద వీధిలో జవాబు కోసం మిల్లు మేనేజరు కారు ఆగి ఉంది. సాయానికి ఒక్కడూ రాలేదు. నీలం మామ కాలితో తన్ని కుర్చీ కోడు విరగ్గొట్టి దాన్ని దింపుకున్నాడు.

పని పోయి ఇంటద్దె కట్టలేని ఆయనకు కూతురి ఇల్లు తప్ప వేరే దిక్కు లేదు. "ఆయన్నేమీ అనకు నాన్నా. పొయ్యి వెలగాలి గదా" అంది కూతురు. నీలం మామ వంటింటి వెనక గదిలో ఏళ్ల తరబడి ఉండిపోయాడు. ముందు గదిలో అల్లుడు అధ్యక్షుడయ్యాడు.

ఆ తర్వాత యజమానులు మేస్త్రీలను సగానికి తగ్గించబోయారు. సంఘం మళ్లీ సమ్మె కట్టింది. ఈసారి మేనేజరు కారు నీలం మామ కోసం వచ్చింది.

కూతురు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "నువ్వెళ్తే మేం వీధిన పడతాం నాన్నా!"

"నేను పడ్డప్పుడు నీకు నొప్పేసిందా అమ్మా?"

ఆమె పక్కకు తప్పుకుంది.

మిల్లులో నీలం మామ, మేస్త్రీల బదులు మూటలు మోసే కూలీలను తొట్ల దగ్గర నిలబెట్టి, ఏ రంగుకు ఎంత వేడి, ఎంతసేపు నానాలి, అన్నీ ఓపిగ్గా నేర్పాడు. ఆవిరి లేస్తుంటే ఎవరో ముసుగు అందించారు. సంఘం సాధించిన ముసుగే. ఆయన పెట్టుకోవడం అదే మొదలు.

గేటు బయట మేస్త్రీలు చూస్తుండగానే రంగు బట్టల లారీలు కదిలాయి. సమ్మె విరిగింది. ఎవరికి వాళ్లు తప్పయిందని చెప్పుకొని లోపలికి పోయారు. అధ్యక్షుణ్ణి మాత్రం రానివ్వలేదు. కూలీలకు పని వచ్చాక నీలం మామను కూడా ఇక రావద్దన్నారు. దర్జీ సంఘం గదిలో బట్ట మూటలు పెట్టుకున్నాడు. మళ్లీ ఎవరూ సంఘం ఊసెత్తలేదు.

కూతురు మిల్లులో బట్టలు మడతపెట్టే పనికి చేరింది. పొద్దున్నే రెండు పళ్లాల్లో అన్నం పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయేది. మామా అల్లుళ్లు ఎదురెదురుగా కూర్చొని తినేవారు.

ఒకరోజు అల్లుడు అడిగాడు. "కడుపు చల్లబడిందా మామయ్యా?"

నీలం మామ ముద్ద మింగి, నిజంగానే ఆలోచించాడు.

"మొదటి రోజు బాగుంది" అన్నాడు.

అల్లుడు పళ్లెం వదిలేసి లేచిపోయాడు. కాసేపు చూసి, మిగిలిన అన్నాన్ని నీలం మామ తన పళ్లెంలోకి వంపుకున్నాడు.